హార్మోన్లూ, మా ఇందు మెట్టెలూ

అయ్యా, అమ్మా! ఈ శతాబ్దం చివర మనిషికి దొరికిన గొప్ప వరం కలర్ టీవీ కాదు, ఎస్టీడీ బూత్ కాదు. హార్మోన్! మీరు నవ్వినా సరే, నేనీ మాట మీదే నిలబడతాను.

పూర్వం ఇంట్లో ఏం జరిగినా ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవాల్సి వచ్చేది. ఎంత అవమానం! ఇప్పుడా బాధ లేదు. కోడలు విసుక్కుంటే హార్మోన్లు. అత్తగారు అరిస్తే హార్మోన్లు. మా తమ్ముడు సత్యారావు స్కూటర్ తీసుకెళ్ళి చెరకు బండికి గుద్ది, అదీ హార్మోన్లేనన్నాడు. బండి తోలే ఆయన నమ్మలేదు, అది వేరే విషయం.

మా కోడలు ఇందుకి ఎనిమిదో నెలలో కాళ్ళు పొంగాయి, తలనొప్పీ మొదలైంది. మా ఆవిడ మహాలక్ష్మమ్మ మురిసిపోయింది.

"కాళ్ళకి నీరొస్తే మగగుంటడే! తలనొప్పేటి? ఆడికి జుత్తెక్కువ, అదే!"

మరి మెట్టెలు బిగుసుకుపోతే? నగల పని చేసే పరదేశిని పిలిచి వదులు చేయించాం. పది రోజులకి మళ్ళీ పిలిచాం. ఆస్పత్రంటారా? నాలుగు వీధుల అవతలే ఉంది. కానీ కడుపుతో ఉన్న పిల్లని వీధుల్లో తిప్పితే దిష్టి తగలదూ!

మూడోసారి పిలిస్తే పరదేశి ఆ కాళ్ళు చూసి, పటకారు సంచిలో పెట్టేశాడు.

"జగ్గారావు బాబూ, ముప్పయ్యేళ్ళుగా మెట్టెలు తొడుగుతన్నాను. నెలలో మూడుసార్లు వదులు సేసిన కాలు సూడనేదు. ముందు డాట్రమ్మకి సూపించండి. అంతవరకూ నేను సెయ్యి పెట్టను."

నాకు ఒళ్ళు మండింది. నగలు చేసేవాడు నాకు వైద్యం చెప్పడమా! అంతలో ఇందు, "మావయ్యా, కళ్ళముందు మెరుపులొస్తన్నాయి" అంది. కంగారులో ఊళ్ళో ఆస్పత్రి మాటే మరిచిపోయాను. జీపు మాట్లాడుకుని విశాఖపట్నం పరిగెత్తాం.

బీపీ నూట డెబ్బై, నూట పది! డాక్టరమ్మ ఇందుని మంచం ఎక్కించి, ఇంజక్షన్ ఇచ్చాకే మాతో మాట్లాడింది.

"తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదమే. కడుపుతో ఉన్నప్పుడు ఇలా బీపీ ఎందుకొస్తుందో పూర్తిగా ఇంకా తెలీదు. కడుపులో బిడ్డని పోషించే మాయలో లోపమంటున్నారు. హార్మోన్లు, గ్రోత్ ఫ్యాక్టర్లు అని పరిశోధనలు జరుగుతున్నాయి."

ఆహా! ప్రాణం లేచొచ్చింది. అంటే తప్పు మా ఆవిడది కాదు, నాది అసలే కాదు!

"నెలనెలా బీపీ ఎందుకు చూపించలేదు?" అడిగిందావిడ.

"హార్మోన్లండీ" అన్నాను ధీమాగా.

"ఎవరివి? ఆ అమ్మాయివా, మీవా?"

ఆ నాలుగు వీధులూ గుర్తొచ్చి తల దించుకున్నాను.

మర్నాడే ఆపరేషన్ చేసి పాపని తీశారు. బరువు రెండు కేజీల లోపే గానీ, గొంతు మాత్రం షుగర్ ఫ్యాక్టరీ సైరనే! మగగుంటడు కాదేమని అడుగుదామంటే, మా ఆవిడ పాపని ఒళ్ళోంచి దింపితేగా.

ఇప్పుడు ఇందు మెట్టెలు జారిపోతున్నాయి. పరదేశిని మళ్ళీ పిలిచాం. ఈసారి కుర్చీ నేనే వేశాను. ఊళ్ళో ఎవరింట మెట్టెలు బిగిసినా, పటకారు తీసేముందు అతను ఒకటే అడుగుతున్నాడట.

"బీపీ సూపించేరా, నేకపోతే మీకూ జగ్గారావు బాబుకున్న హార్మోన్లేనా?"