లారీ ఎక్కి వచ్చిన ఫోన్లు

ఆదివారం పొద్దున్న ఢిల్లీబాబు పెట్టుకున్న పనులు మూడే. గడ్డం గీసుకోవడం, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకోవడం, పదింటికి కేబుల్ ఆఫీసులో కెమెరా ముందు కూర్చుని ఫోను మోగేదాకా ఎదురుచూడడం. మూడోది అతని చేతిలో లేదు.

ఒకప్పుడు పలాసలో నాయకుడు సూర్యానికి అతను కుడిభుజం. మీటింగులకు జనాన్ని తేవడం అతని పని. తుఫాను బాధితులకని వచ్చిన ఇంటి రేకులు సూర్యం బావమరిది జీడిపప్పు బట్టీ కప్పు మీద కనిపించాయి. అవి అమ్ముకున్నది ఢిల్లీబాబేనని సూర్యం పేపరువాళ్ళకు చెప్పాడు. ఢిల్లీబాబు కాదనలేదు. పెద్దాయన తర్వాత చూసుకుంటాడనుకున్నాడు. పెద్దాయన తర్వాత అతని వైపే చూడలేదు. భార్య ధనమ్మ వారానికని టెక్కలి పుట్టింటికి వెళ్ళి రెండేళ్ళయింది. అతను వెళ్తే టీకొట్టులో మాటలు ఆగిపోయేవి. టీ మాత్రం ఇచ్చేవారు.

కేబుల్ తారకేశ్వరరావు, చెడ్డదైనా తెలిసిన ముఖమే కదా అని, అతనికి ఒక ఫోన్ల కార్యక్రమం ఇచ్చాడు. మొదట్లో తిట్టడానికి ఫోన్లు వచ్చేవి. ఢిల్లీబాబుకు అవి బాగానే ఉండేవి. పేరు పెట్టి పిలిచి మరీ తిట్టేవారు. తర్వాత అవీ తగ్గి, ఆగిపోయాయి.

"ఈ వారం ఒక్క ఫోనైనా రాకపోతే ఆ టైముకి భక్తిపాటలు ఏసుకుంతాను బావా. దేవుడికి ఫోన్లతో పనిలేదు" అన్నాడు తారకేశ్వరరావు.

అందుకే ఢిల్లీబాబు శనివారం నాడు, తనకు తెలిసిన ఒకే ఒక్క పని చేశాడు. సముద్రం ఒడ్డు పేటలో చేపలమ్ముకునే జోగమ్మను, అక్కడి ఎస్టీడీ బూతుకు ఫోను చేసి లైనులోకి పిలిపించాడు. పూర్వం ఏ మీటింగుకైనా పేట జనాన్ని పంపింది ఆమే.

"అప్పా, రేపు పదింటికి పాతికమంది కావాల."

"జెండా ఏటి బావూ?"

"జెండా లేదు. టీవీకి ఫోన్లు సెయ్యాల."

"పాతికమందా! పేటంతటికీ ఇదొక్కటే ఫోను కదా?"

"ఎలాగో నువ్వే సూడప్పా."

"మరి నానుండగా నీకేటి దిగులు? ఎల్లి పడుకో."

అతను వెళ్ళి పడుకున్నాడు. చాలాకాలానికి నిద్ర పట్టింది.

పది దాటింది. ఎదురుగా ఫోను మూగగా కూర్చుంది. ఢిల్లీబాబు ఉద్దానం మంచినీళ్ళ గురించి చెప్పిందే మళ్ళీ చెప్పాడు. జీడిపప్పు దుకాణం ప్రకటన వస్తుండగా కింద లారీ ఆగింది. జోగమ్మ తమ్ముడు తవిటయ్య మెట్లెక్కి వచ్చాడు.

"ఫోన్లు సెయ్యడానికొచ్చినాం బావూ. ఇదేనా ఫోను?"

"ఇది వచ్చే ఫోను తవిటీ! మీరు పేటనించి సెయ్యాల!"

"పేటలో ఒకటే ఉంది, పలాసలో అయితే బోల్డుంతాయని అప్ప లారీ ఎక్కించీసింది. ఓట్లకే లారీ ఎక్కించినాను, ఫోన్లకి ఎక్కించలేనా అంది."

ప్రకటన అయిపోవడంతో తవిటయ్యను కిందికి పంపేశారు. కింద జనానికి ఏం చెయ్యాలో తెలియలేదు. లారీ దిగాక చెయ్యవలసినదిగా వాళ్ళకు తెలిసింది ఒకటే. అది మొదలుపెట్టారు. "ఢిల్లీబాబు జిందాబాద్!"

బజారు ఆగిపోయింది. జనం ఉన్నారు, నినాదం ఉంది, జెండా మాత్రం లేదు. అంటే ఇంకా జెండా కుట్టించని పార్టీ అన్నమాట. ఢిల్లీబాబు కొత్త పార్టీ పెడుతున్నాడని కాశీబుగ్గలో అనుకున్నారు. పెట్టేశాడని రైల్వేస్టేషను దగ్గర అనుకున్నారు. వెనక ఇంకా పది లారీలు వస్తున్నాయన్న సంగతి సూర్యం ఇంటికి చేరింది.

సూర్యం జీపులో వచ్చాడు. జనానికి దండాలు పెట్టుకుంటూ మెట్లెక్కి, అడగకుండానే కెమెరా ముందు కూర్చుని, చొక్కాకు మైకు పెట్టించుకుని, ఢిల్లీబాబు భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈడు నా సొంత తమ్ముడికన్నా ఎక్కువ. ఆ రేకుల్లో ఈడి తప్పు ఏటీ లేదు. ఈ మాట అప్పుడే సెప్పాలనుకున్నాను."

రెండేళ్ళుగా వినాలనుకున్న మాట. అప్పుడు ఫోను మోగింది. అది తనకే అని గుర్తుపట్టడానికి అతనికి కొంతసేపు పట్టింది.

"బావూ, నాను జోగమ్మని. బూతులోని టీవీలో సూత్తన్నాను. మరి మనోళ్ళకి టిపినీలెట్టినావా? లారీలోళ్ళు పొద్దున్ననించీ ఏటీ తిన్లేదు."

ఆ గొంతు ఊళ్ళో ప్రతి టీవీలోంచీ వినిపించింది. సూర్యం భుజం మీది చెయ్యి తీసేశాడు.

"ఓహో, తోలించిన జనమా!" అని లేవబోయాడు.

"కూకో సూర్యంబావూ, ఎక్కడికెల్తావు? ఈడు తియ్యకపోతే మా రేకులెవులు తీసినారు? కాళ్ళొచ్చి అయ్యే మీ బామ్మర్ది బట్టీ మీదికెక్కీసినాయేటి?"

ఇచ్ఛాపురంలో పెళ్ళికి వేళవుతోందంటూ సూర్యం మెట్లు దిగాడు. చొక్కాకు పెట్టిన మైకు కూడా ఆయనతోనే పెళ్ళికి బయలుదేరింది. తారకేశ్వరరావు జీపు దాకా పరుగెత్తాడు.

ఆ తర్వాత ఫోను కింద పెడితే ఒట్టు.

"నమస్కారం, ఢిల్లీబాబుని మాట్లాడుతున్నాను."

"నువ్వు కాదు బావూ, ఇందాకటి జోగమ్మకియ్యి."

ఒక ఫోను టెక్కలి నుంచి. ఊపిరి వినగానే అతనికి తెలిసింది.

"రేకులు నువ్వు తియ్యలేదా?" అంది ధనమ్మ.

"లేదు."

"మరి ఆ మాట నాతోనైనా సెప్పలేదేటి?"

ఢిల్లీబాబు కెమెరా వైపు చూశాడు. కెమెరా అతని వైపు చూసింది. తారకేశ్వరరావు జీడిపప్పు ప్రకటన వేశాడు. అది అయ్యేసరికి లైనులో ఎవరూ లేరు. టెక్కలి నంబరుకు తిరిగి చేస్తే, గంట మోగింది తప్ప ఎవరూ ఎత్తలేదు.

తారకేశ్వరరావు భక్తిపాటలు వెయ్యలేదు. ఆ కార్యక్రమం జోగమ్మకు ఇచ్చాడు. లారీ జనం టిఫిన్లు తిని, ఢిల్లీబాబుకు జిందాబాద్ కొట్టి పేటకు వెళ్ళిపోయారు.

పై ఆదివారం పదింటికి ఢిల్లీబాబు ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషను ఎదుటి బూతుకు వెళ్ళాడు. అలిగిన పెళ్ళానికి ఏం చెప్పాలో జోగమ్మను అడుగుదామని ఆ కార్యక్రమానికి ఫోను చేశాడు.

లైను ఖాళీ లేదు.