నాచు కలయికకు ముందస్తు అనుమతి

జీవరాశి పుట్టిన నాటి నుంచీ ఏ దరఖాస్తూ లేకుండా జరిగిపోతున్న ఒక వ్యవహారాన్ని క్రమబద్ధం చేసిన ఘనత మా పరిశోధన సంస్థకే దక్కుతుంది. ఆవరణలో ఏ రెండు ప్రాణులు కలవాలన్నా ముందస్తు అనుమతి తప్పనిసరి చేస్తూ, పునరుత్పత్తి అనుమతుల విభాగమని ఒకటి తెరిచారు. (ఇది సిబ్బందికి వర్తించదని తరువాత విడిగా ఒక వివరణ ఇవ్వాల్సి వచ్చింది.)

మొదటి దరఖాస్తు రెండో అంతస్తులో ఆకుపచ్చ నాచు మీద పనిచేసే పరిశోధకురాలిది. ఆమె నాచు మెట్ల మీద కాలు జార్చే రకం కాదు. ఒక్కో జీవీ ఒక్కటే కణం. రెండు సన్నని తోకలతో ఈదుతూ ఉంటుంది. వాటిలో ఆడా మగా లేవు. ప్లస్ రకం, మైనస్ రకం ఉన్నాయి, చూడటానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. తిండి ఉన్నన్నాళ్లూ ఎవరి దారిన అవి చీలిపోతూ పెరుగుతాయి. నీళ్లలో నత్రజని నిండుకుంటే మాత్రం ప్లస్ వెళ్లి మైనస్‌ను పట్టుకుంటుంది. రెండూ కలిసి ఒకే కణమై, చుట్టూ దళసరి గోడ కట్టుకుని, మంచి రోజులు వచ్చేదాకా నిద్రపోతాయి.

తాము కలిసిపోయామని ఆ కణానికి తెలిసేదెలా? ప్లస్ ఒక ప్రోటీన్ తెస్తుంది, మైనస్ ఇంకొకటి తెస్తుంది. విడిగా ఉంటే రెండూ దండగ. జత కూడితేనే గోడ పని మొదలవుతుంది. ప్లస్ వైపు ప్రోటీన్ తయారుచేసే జన్యువు చెడిపోయిన నాచు ఒకటి ఈమెకు దొరికింది. అది మైనస్‌తో కలుస్తుంది గానీ గోడ కట్టదు. నాలుగేళ్లు కష్టపడి ఆమె మంచి జన్యువును అందులో తిరిగి పెట్టింది. ఇక ఒక్కసారి కలిపి చూడాలి. ఉద్యోగ గడువు నలభై రోజులుంది.

దరఖాస్తు పట్టుకుని విభాగం సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు సవరించుకుని అంతా చదివారు.

"ఇందులో ఆడ ఏదమ్మా?"

"ఏదీ కాదు సార్. ప్లస్, మైనస్, అంతే."

"ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు తీసుకోదు. పోనీ, మైనస్‌ని ఆడ అని వేసేద్దామా?"

"మైనస్‌నే ఎందుకు సార్?"

ఆయన కలం తీశారు. దరఖాస్తుదారు సహకరించుట లేదని ఫైల్లో రాసుకున్నారు.

తరువాతి గడి, కలయికలో పాల్గొనువారి సంఖ్య. గొట్టంలో దాదాపు అరకోటి కణాలున్నాయి, గడిలో రెండంకెలే పడతాయి. ఆమె తొంభై తొమ్మిది అని వేసింది. మిగతా వాళ్లకు విడివిడిగా దరఖాస్తులు పెట్టమని సలహా వచ్చింది. ఇంతలో ప్రాణి సంక్షేమ అధికారి అభ్యంతరం లేవదీశారు: కణాలను ఇరవై గంటలు పస్తులుంచడం క్రూరత్వం, కాబట్టి కడుపునిండా పెట్టాకే కలపవలెను. తిండి దొరికితే అవి ఒకదాని వంక ఒకటి చూడనైనా చూడవని ఆమె మూడు పేజీల్లో వివరించింది. సంక్షేమ అధికారి చదివి చాలా బాధపడ్డారట. ఆదేశం మాత్రం మారలేదు.

గడువు తొమ్మిది రోజులకు వచ్చింది. నాచు గొట్టాలను ముప్పై ఏళ్లుగా సాకుతున్న ల్యాబ్ పెద్దాయన ఆ రోజు ఆమె పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఇవి ఎవర్నీ అడగవమ్మా. మనమే అందర్నీ అడుగుతూ కూర్చున్నాం."

"ఇప్పుడే పస్తు పెట్టి, రేపు కలిపేస్తాను బాబాయ్. నా పేరు మీదే. మీరు సెలవు పెట్టేయండి."

పెద్దాయన సెలవు పెట్టలేదు. మర్నాడు అరగంట ముందే వచ్చి మైక్రోస్కోపు అద్దాలు తుడిచి పెట్టాడు. ఆమె ఒక ప్లేటులో బాగుచేసిన రకాన్నీ, ఇంకోదానిలో చెడిన రకాన్నీ మైనస్‌తో కలిపి, తేదీ, వేళ రాసి, కింద సంతకం చేసింది. గంట తిరక్కుండా రెండింటిలోనూ జతలు కుదిరాయి. గోడ గట్టిపడేదాకా వెలుతురు తగలకుండా రెండు ప్లేట్లనూ చీకటి పెట్టెలో పెట్టింది.

విషయం అయిదో రోజున బయటపడింది. (వారపు నివేదికలో ఆమే రాసింది.) సూపరింటెండెంటు స్వయంగా వచ్చి, ప్లేట్లను సాక్ష్యంగా స్వాధీనం చేసుకుని, లక్క సీలు వేసి తన బీరువాలో పెట్టించారు.

"ఎండిపోతాయి సార్," అంది ఆమె.

"సాక్ష్యం ఎక్కడికీ పోదమ్మా. పూచీ నాది."

నాలుగు రోజుల తరువాత గడువు తీరి, ఆమె తాళాలు అప్పగించి వెళ్లిపోయింది. వేరే ఊళ్లో స్కూల్లో సైన్సు చెప్పే పని దొరికింది.

విచారణ సంఘం అయిదు నెలల్లో నాలుగుసార్లు సమావేశమైంది. అందులో మూడు, కిందటి సమావేశం ఎందుకు జరిగిందో తేల్చుకోవడానికి. చివరికి తీర్పు వచ్చింది: కలిసినట్టు చెబుతున్న ప్లస్ కణం గానీ, మైనస్ కణం గానీ విచారణకు హాజరు కానందున నేరం రుజువు కాలేదు.

ప్లేట్లు తిరిగొచ్చాయి. రెండూ అప్పడాల్లా ఎండి ఉన్నాయి. పెద్దాయన వాటి మీద పోషక ద్రావణం పోసి దీపం కింద పెట్టాడు. మూడో రోజున ఒక ప్లేటు, బాగుచేసిన రకం ఉన్నది, పచ్చబడింది. గోడలు పగిలి, ఒక్కోదాని నుంచి నాలుగేసి పిల్లలు ఈదుకుంటూ బయటికొస్తున్నాయి. ఆయన స్కూలుకు ఫోను చేసి ఆమెను ఫోను దగ్గరికి పిలిపించాడు.

"లేచాయమ్మా."

"రెండోది?" అని అడిగింది.

"అది పోయింది తల్లీ. ఒక్కటీ మిగల్లేదు."

"అయితే ఆ జన్యువు సంగతి నిజమే బాబాయ్," అంది. అవతల పిల్లల గోల వినిపిస్తోంది. ఆమె ముక్కు ఎగబీల్చడం కూడా పెద్దాయనకు వినిపించింది.

నీళ్లూ వెలుతురూ లేకుండా అయిదు నెలలు బీరువాలో పెట్టి పరీక్షించడం ఏ శాస్త్రజ్ఞుడికీ తట్టని పద్ధతి. ఆ ఫలితం పెద్ద పత్రికలో అచ్చయింది, సంస్థకు మంచి పేరొచ్చింది. నమూనాలను కఠిన పరిస్థితుల్లో భద్రపరచినందుకు సూపరింటెండెంటు గారిని రచయితల్లో ఒకరిగా చేర్చారు. నిబంధన ప్రకారం ఆ జాబితాలో ప్రస్తుత ఉద్యోగుల పేర్లే ఉండాలి. పరిశోధకురాలిని మరిచిపోయారని ఎవరూ అనకుండా, నాలుగేళ్లు పని చేసుకోనిచ్చినందుకు ఆమె సంస్థకు కృతజ్ఞతలు తెలుపుకుంటున్నట్టు ఆ వ్యాసం చివరి పేజీలో ఒక వాక్యం వేశారు.