కాఫీ గిన్నెను కడగరాదన్న తీర్మానం

ఒక పెద్ద అడవిలో జరిగిన ఈ కథని నాకంటే బాగా చెప్పగలవాడు ముల్లోకాల్లో లేడు. మా చెల్లెలు ఉంది గానీ, దానికి రేపు లెక్కల పరీక్ష. కాబట్టి నాతో సరిపెట్టుకోండి.

అడవి పెద్దదని అన్నాను. ఎంత పెద్దదో తెలీదు. కొలిచి రమ్మని తాబేలుని పంపారు, ఇంకా రాలేదు.

ఆ అడవికి రాజు సింహం. ఏటికి అవతల ఇంకో అడవి, దానికి రాజు పులి. మధ్యలో ఉన్న ఏరు ఎవరిదన్న తగువు తాతల కాలం నుంచి నడుస్తోంది. చలికాలంలో ఇద్దరూ కానుకలు ఇచ్చుకుంటారు, ఎండాకాలంలో ఒకరి మొహం ఒకరు చూసుకోరు, ఏటి నీళ్లకి ఒకరినొకరు దిగనివ్వరు. ఆ ఏడు చలికాలం కానుకగా పులి, సింహం ఇంటికి ఒక ఎస్ప్రెస్సో కాఫీ మెషీన్ పంపించింది. అడవిలో కరెంటు ఎక్కడిదని అడక్కండి. అడిగితే కథ ఆగిపోతుంది, కరెంటూ ఆగిపోతుంది.

మెషీన్ని మోసుకొచ్చిన ముళ్లపంది, దాన్ని ఎలా వాడాలో సభలోనే చూపించింది. పొడుగాటి పిడి ఉన్న చిన్న గిన్నెని పైకెత్తి పట్టుకుంది.

“దీన్ని పోర్టాఫిల్టర్ అంటారు. మీరు గిన్నె అన్నా అదేమీ అనుకోదు. లోపల చిన్న జల్లెడ ఉంది. దాన్లో కాఫీ పొడి వేసి, నొక్కి, మెషీన్‌కి తగిలిస్తే పైనుంచి వేడినీళ్లు దిగుతాయి, కింద కాఫీ కారుతుంది. అయిపోగానే పిప్పి దులిపి, కడిగి, తుడవాలి. వారానికోసారి జల్లెడ ఊడదీసి, వేడినీళ్లలో నానబెట్టి, అడుగున పట్టిన జిడ్డు తోమాలి. అంతే.”

రాజగృహ కార్యదర్శి నక్క లేచి నిలబడింది.

“ఈ ‘అంతే’ అన్నది ఏ శాఖ కిందికి వస్తుందండీ?”

ముళ్లపందికి ప్రశ్న అర్థం కాలేదు. వాళ్ల అడవిలో తాగినవాళ్లే కడుగుతారట. సభ జాలిపడింది.

రాజుగారింట్లో సామాను కడిగించే బాధ్యత కార్యదర్శిది. ఆ సంగతి నక్కకి తెలుసు. ఇంకెవరికీ తెలియకుండా ఉంటే బావుండునని దాని ఆశ. పిడి కర్రది కాబట్టి అటవీ శాఖ చూసుకోవాలంది. అడవిలో ఉన్నవాళ్లందరూ అటవీ శాఖే కాబట్టి ఎవరూ కదల్లేదు. పోనీ నీళ్ల పని కదా, ఏనుగు చూసుకోవాలంది. ఏనుగు ఓసారి గిన్నె వైపు, ఓసారి తన పాదం వైపు చూసుకుంది. నక్క ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకుంది.

అప్పుడు వంటశాల పెద్ద ఎలుగుబంటి గొంతు సవరించుకుంది.

“అసలు కడగడమేంటండీ కార్యదర్శి గారూ? మా అమ్మమ్మ అట్ల పెనం ఉంది. ఆవిడ కాపురానికొచ్చినప్పట్నుంచి దానికి సబ్బు తగల్లేదు. మా ఆవిడ కొత్తలో తెలీక ఒకసారి తోమి పారేసింది. నెల్లాళ్లు అట్టు లేచిందా? గీకితే ముక్కలు, తింటే మసి. జిడ్డంటే మురికి కాదండీ, పెనం సంపాదించుకున్న ఆస్తి!”

“పెనం సంగతి వేరు బాబాయ్,” అంది ముళ్లపంది. “ఇది కాఫీ. దీని జిడ్డు నిలవుంటే ముక్కిపోతుంది.”

“పెనం ఇనుము. మరి ఇదో?”

“స్టీలు.”

“చుట్టాలేగా!”

నక్క కళ్లు మెరిశాయి. కాఫీ గిన్నెను రుచి పరిరక్షణ దృష్ట్యా కడగరాదని అక్కడికక్కడే తీర్మానం ప్రవేశపెట్టింది. చప్పట్లు మోగాయి. ముళ్లపంది వెనక్కి తిరిగి తిరిగి చూసుకుంటూ ఏరు దాటింది.

మొదటి వారం కాఫీ బావుంది. తర్వాతి వారం వేరే రకంగా బావుంది. ఆ తర్వాత గిన్నె లోపల నల్లటి పొర కట్టింది, ముక్కిపోయిన వేరుశనగపప్పు వాసన మొదలైంది. జల్లెడ కన్నాలు పూడుకుపోయి, పింఛను ఫైలు కదిలినట్టు కాఫీ చుక్కచుక్కగా దిగసాగింది. నక్క దానికి ‘నిదాన విధానం’ అని పేరు పెట్టింది.

ఒకరోజు జింక కప్పు దించి, “కొంచెం చేదుగా ఉందేమో…” అంది.

“చేదు కాదు జింకమ్మా, గాఢత,” అంది నక్క.

“గొంతు మండుతోందండీ.”

“అది గాఢత దిగే దారి.”

పక్కనే ఉన్న కోతి కప్పు మూడుసార్లు గిరగిరా తిప్పి, దీంట్లో తడిసిన మట్టి, కాలిన వెదురు, పాత దస్తావేజు తగుల్తున్నాయంది. మర్నాటికి అవి తగలని నాలుక సభలో ఒక్కటీ లేదు. సింహం మాత్రం ఓ గుక్క తాగి, “ఊఁ” అనేది. ఆ ‘ఊఁ’కి అర్థమేంటని అడిగే ధైర్యం ఎవరికుంది? బాగుందనే అర్థమని నక్క రాయించింది.

ఇంతలో ఎండాకాలం వచ్చిపడింది. చెలమలు ఎండిపోయాయి. సింహం నక్కని పిలిచింది.

“పులి వస్తోంది. ఏరు ఇద్దరిదీ అని సంతకం పెట్టించాలి. తను ఇచ్చిన మెషీన్లో కాఫీ తాగి మరీ పెడతానని కబురు చేసింది. కాఫీ బాగోకపోతే సంతకం లేదు. సంతకం లేకపోతే నీ కుర్చీ తాబేలుకి.”

“తాబేలు ఇంకా తిరిగి రాలేదు కదా మహారాజా?”

“వచ్చేదాకా ఖాళీగా ఉంటుంది.”

నక్క బయటికి వచ్చేసరికి గుమ్మంలో జింక నిలబడి ఉంది. “నక్క గారూ, మా పిల్లలు పొద్దున్నించీ బురద నాకుతున్నారు. ఎలాగోలా ఆ సంతకం పెట్టించండి. నీళ్లొస్తే చాలు, గాఢత ఎంతైనా తాగుతాను.”

నక్కకి జీవితంలో మొదటిసారి ఒక గిన్నె కడగాలనిపించింది. వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుని జల్లెడ పట్టుకు లాగింది. రాలేదు. చెంచా దూర్చి లేపింది. చెంచా వంగింది. నీళ్లు పోసింది. నీళ్లు లోపలికెళ్లి, లోపలి పరిస్థితి చూసి, వచ్చిన దారినే బయటికొచ్చేశాయి.

తలుపు సందులోంచి ఎలుగుబంటి తొంగిచూసి, “పట్టు కుదిరింది చూశారా! ఇప్పుడయిందండీ పెనం,” అని మురిసిపోయింది.

ఇక చేసేది లేక నక్క ఆ పిడికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, గిన్నెని పట్టుగుడ్డ మీద కూర్చోబెట్టింది.

పులి వచ్చింది. వెంట ముళ్లపంది కూడా వచ్చింది. అది గిన్నె లోపలికి చూడగానే దాని ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి.

“ఇదేంటండీ ఇది?”

“గాఢత,” అంది నక్క.

చాలాసేపటికి కప్పు నిండింది. పులి తాగింది. అదే సమయానికి సభ మొత్తం కళ్లు మూసుకుని తన్మయత్వంతో తలలాడించింది. పులి ఇటు చూసింది, అటు చూసింది, తనూ కళ్లు మూసుకుంది. జింక ఒక్కతే కళ్లు తెరుచుకుని పులి మూతి వైపే చూస్తోంది.

“అద్భుతం!” అంది పులి.

నక్క అక్కడితో ఊరుకుంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఊరుకోలేదు.

“అయ్యా, ఈ రుచి లోకంలో ఇంకెక్కడా దొరకదు. దీని సంరక్షణంతా నా చేతుల మీదుగానే జరిగింది. కావాలంటే ఒప్పందంలోనే రాసుకుందాం, ఈ రుచి నిలిచినంత కాలం ఏరు ఇద్దరిదీ అని!”

“బావుంది,” అంది పులి. “మరి నిలిచిందో లేదో నాకెలా తెలియాలి? మా ఇంట్లోనూ ఇలాంటి మెషీనే ఉంది. ఈ గిన్నెనీ, నిన్నూ నాతో తీసుకుపోతాను.”

సింహం “ఊఁ” అంది. ఈసారి అర్థం అందరికీ తెలిసింది. సంతకాలు అయిపోయాయి. ఆ సాయంత్రమే జింక పిల్లలు ఏట్లో మోకాళ్ల దాకా దిగి నీళ్లు తాగాయి. నక్క తనకి పదోన్నతి వచ్చిందని చెప్పుకుని, గిన్నె మెడలోని దండ తీసి తన మెడలో వేసుకుని ఏరు దాటింది.

మర్నాడు నక్క నిద్ర లేచేసరికి గిన్నె లేదు. కంగారుగా వంటింట్లోకి పరిగెత్తింది. పులి ఇల్లాలు జల్లెడని ఒక చేత్తో, గిన్నెని ఒక చేత్తో వెలుగులోకి ఎత్తి చూసుకుంటోంది. సోడా కలిపిన వేడినీళ్లలో నానబెట్టి, పీచుతో తోమేసరికి రెండూ ధగధగలాడుతున్నాయి.

“ఏం పని చేశావమ్మా!”

“ఏముంది తమ్ముడూ, రాగానే నానేశాను. మీ అడవిలో నీళ్లకి కరువని విన్నాను గానీ, మరీ ఇంతనుకోలేదు.”

ఆ పూట కాఫీ పులి సభకి వెళ్లింది. పైన తేనె రంగు నురగ, కింద కమ్మటి వాసన. సభలో అందరూ తాగారు. బావుందో లేదో తెలుసుకోవడానికి పులి మొహం వైపు చూశారు.

“ఆ రుచి లేదు,” అంది పులి.

“లేదు, లేదు,” అంది సభ.

“వానలు పడేలోగా గిన్నె ఎప్పటిలా నల్లబడాలి. లేకపోతే ఒప్పందం చెల్లదు, ఏరు మాది.”

ఆ రోజు నుంచి నక్క పొద్దస్తమానం మెషీన్ ముందే. పొడి వేయడం, నొక్కడం, కాఫీ దించడం, పిప్పి దులపకుండా అలాగే వదిలేయడం, మళ్లీ దాని మీదే పొడి వేయడం. ఆవిరి తగిలి ముందుకాళ్లు బొబ్బలెక్కాయి. కాస్త నలుపు పట్టిందనుకునే సరికి పులి ఇల్లాలు వచ్చి గిన్నె తీసుకుపోయేది. నక్క దాన్ని పొదలో దాచింది, తొర్రలో దాచింది, తలకింద పెట్టుకుని పడుకుంది. ఆవిడ వాసన పట్టుకుని వచ్చేసేది. “నీకెందుకు తమ్ముడూ శ్రమ, నేను కడుగుతాగా,” అనేది ప్రేమగా.

చివరికి నక్క ఓ మధ్యాహ్నం పులి ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి కాళ్ల మీద పడింది.

“అయ్యా, ఒక్క మాట. కడిగిన గిన్నెతో చేసిన కాఫీ నిజంగా బాగాలేదా?”

పులి చుట్టూ చూసింది. ఎవరూ లేరు.

“బ్రహ్మాండంగా ఉందయ్యా. పుట్టి బుద్ధెరిగాక అలాంటిది తాగలేదు.”

“మరి ఆ రోజు మా సభలో అద్భుతమన్నారు?”

పులి తోకని ఒళ్లో పెట్టుకుని దువ్వుకుంది. చాలాసేపు దువ్వుకుంది.

“ఆ రోజు నాకు పడిశం. నువ్విచ్చింది కాఫీయో, వేపాకు కషాయమో, నాకేమీ తెలీలేదు. అందరూ కళ్లు మూసుకున్నారని నేనూ మూసుకున్నాను. ఇంటికొచ్చాక మా సభలో ఆ రుచిని గంటసేపు వర్ణించాను. ఇప్పుడు పోయి, నా ముక్కు పనిచేయలేదని చెప్పుకోమంటావా?”

“వద్దు లెండి,” అంది నక్క. గిన్నె కోసం వంటింటి వైపు పరిగెత్తింది. అక్కడ పులి ఇల్లాలు అప్పటికే నీళ్లు కాస్తోంది.

ఇందులో నీతి వెతికేవాళ్లు ఇది పట్టుకెళ్లండి: గిన్నె కడగడానికి ఒక్కరు చాలు, దాన్ని కడగకుండా ఉంచడానికే రెండు ప్రభుత్వాలు కావాలి.