మినిస్టర్‌కు కొత్త ఉద్యోగం

శ్రీకాళహస్తిలో పెళ్లి షేర్వానీలు కుట్టే షఫీవుల్లాకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఈ సంగతి ఆయనకు తప్ప ఊరందరికీ తెలుసు. అందుకే ఆ రోజు ఆయన అబద్ధం జోలికి పోకుండా, నిజాన్నే కాస్త కురచగా కత్తిరించి భార్య ముందు పెట్టాడు.

"మద్రాసు నుంచి ఒకాయన వస్తా ఉండాడు మే. రిటైరయినాడు. కాళ్లనొప్పులు. కొన్నాళ్లు మనింట్లో ఉంటాడు."

చాటలో బియ్యం ఏరుతున్న రంజాన్‌బీ తలెత్తకుండానే ఎవరాయన అని అడిగింది.

"మినిస్టర్," అన్నాడు షఫీవుల్లా.

చాట ఆగిపోయింది.

వచ్చేవాడి పేరు నిజంగానే అది. పూర్తి పేరు సైలెంట్ మినిస్టర్. మద్రాసు పందెపు మైదానంలో ఐదేళ్లు పరిగెత్తి, ముప్పై ఒక్క పందేల్లో ఒక్కటీ గెలవక, ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా పదవీ విరమణ చేసిన గోధుమరంగు గుర్రం.

దాన్ని తేవాలన్న ఆలోచనకు మూలం ఆయన కొట్టుకు ఎదురుగా వెలిసిన రెడీమేడ్ షోరూము. అద్దాల తలుపులు, చల్లటి గాలి, లోపలికి పోతే చేతికో కూల్‌డ్రింకు. ముప్పై ఏళ్లుగా షఫీవుల్లా టేపుకు భుజాలిచ్చిన ఊరు ఒక్క సీజన్లో అటు తిరిగిపోయింది. ఆయన దగ్గర కూల్‌డ్రింకు లేదు. కానీ వాళ్ల తాత ఒకప్పుడు స్టేషను నుంచి గుడిదాకా జట్కా తోలినవాడు. ఆ రక్తం ఊరికే ఉంటుందా? షేర్వానీ కుట్టించుకున్న పెళ్లికొడుక్కి ఊరేగింపు గుర్రం ఉచితం అని బోర్డు పెడితే షోరూమువాళ్లు అద్దాలు ఊడబీక్కుని పోవాల్సిందే అనుకున్నాడు.

మద్రాసు గుర్రపుశాలలో పనిచేసే చిన్ననాటి స్నేహితుడు దయానంద్ దారి చూపించాడు. రిటైరైన గుర్రాలకు ఇళ్లు చూసే సంస్థ ఒకటుంది, మంచి మనుషులైతే ఊరికే ఇస్తారు, నాలుగు పేజీల కాగితం మీద సంతకం పెడితే చాలు అన్నాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది. దయానంద్ వేలు ఎక్కడ పెడితే షఫీవుల్లా అక్కడ సంతకం పెట్టాడు.

ఇంట్లో రంజాన్‌బీ ముందు గదికి సున్నం కొట్టించింది. కొత్త దుప్పటి కొన్నది. ఆయన ఏం తింటాడని అడిగింది.

"ఉలవలు తింటాడు. ఆకుకూరలంటే పడి చస్తాడు."

"సుగరుండాదేమో పాపం," అని జాలిపడింది ఆవిడ. "మెట్లెక్కగలడా?"

"దూకగలడు," అన్నాడు షఫీవుల్లా, నాలుక కరుచుకుని.

పదవిలో ఉండి మెట్లెక్కనోళ్లు పదవి పోయినాక దూకడం తాను యాడా సూడలేదని ఆవిడ ఆశ్చర్యపోయింది.

రంజాన్‌బీ ఈ విషయం పక్కింటామెకు ఒక్కతెకే చెప్పింది, అదీ ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకుని. శుక్రవారానికల్లా వీధి వీధంతా వాకిట్లో ఉంది. ఒకాయన చేతిలో మురిక్కాలువ గురించి అర్జీ. ఒకామె చేతిలో ఆగిపోయిన పింఛను కాగితాలు. ఇద్దరు కలిసి మోయాల్సినంత బంతిపూల దండ. ఇంత జనాన్ని చూసి వెనక సందులోంచి పారిపోదామని షఫీవుల్లా చూశాడు గానీ, ఆ సందులో స్వాగతం బ్యానరు అడ్డంగా కట్టి ఉంది.

లారీ వచ్చి ఆగింది. ముందు నుంచి దయానంద్ దిగాడు. దిగిన మొదటి మనిషి ఆయనే కాబట్టి దండ ఆయన మెడలో పడింది. జీవితంలో మొదటిసారి పడ్డ దండ కదా, ఎందుకని అడగకుండా ఆయన కూడా నమస్కారాలు పెట్టేశాడు. తర్వాత లారీ వెనక తలుపు తీసి, కళ్లెం పట్టుకుని, పలకమీదుగా మెల్లగా మినిస్టర్‌ను దించాడు.

మినిస్టర్ నాలుగు దిక్కులా చూసి, దయానంద్ మెడలోని దండను ఒక కొస నుంచి నమలడం మొదలుపెట్టింది. అది అయ్యాక మురిక్కాలువ అర్జీని కూడా ఆ పెద్దాయన చేతిలోంచి అందుకుని మింగేసింది.

"ఇన్నేండ్లకు మన అర్జీని లోపలికి తీసుకున్నోడు ఈయనొక్కడేనప్పా," అన్నాడు ఆ పెద్దాయన.

వీధి పగలబడి నవ్వింది. రంజాన్‌బీ నవ్వలేదు. వాకిట్లో సున్నం మరకల చేతులతో నిలబడి, తన మొగుణ్ణి కిందినుంచి మీదికి, మీదినుంచి కిందికి చూసింది. లోపలికి పోయింది. తిట్టడానికి గరిటె తెస్తుందేమోనని షఫీవుల్లా గుర్రం వెనక్కి జరిగాడు. ఆవిడ తెచ్చింది నానబెట్టిన ఉలవల బకెట్టు.

"అతిథి అతిథే," అంది. "దాని తప్పేముండాది. నీ సంగతి తర్వాత సూస్తా."

ఆ 'తర్వాత' ఎప్పుడో చెప్పకపోవడమే ఆవిడ వేసిన శిక్ష. వెనకున్న జట్కా షెడ్డు మినిస్టర్‌కిచ్చారు. గుర్రం రెండు రోజుల్లో పెరట్లోని గోంగూర, నాలుగు రోజుల్లో గోరింటాకు చెట్టు పూర్తి చేసింది. రంజాన్‌బీ గూడూరులో కాపురముంటున్న కూతురు సుహానాతో ఫోనులో, మీ నాయన మినిస్టర్‌ను తెచ్చినాడు, గోరింటాకు ఇంగ మీ ఊర్లోనే పెట్టుకో అని చెప్పింది.

షఫీవుల్లా శిక్షణ మొదలుపెట్టాడు. ఊరేగింపు గుర్రం చప్పుళ్లకు బెదరకూడదు. గుర్రం చెవి దగ్గర పళ్లెం మోగించాడు. బ్యాండువాళ్లను పిలిపించి డప్పులు కొట్టించాడు. టపాకాయలు పేల్చాడు. మినిస్టర్ చెవి కూడా విదిలించలేదు. పది రోజుల తర్వాత కూడా బెదిరింది పక్కింటి మేకలూ, షఫీవుల్లా మాత్రమే.

మొదటి పెళ్లికొడుకు నియాజ్. పాత బస్టాండు దగ్గర టైర్ల కొట్టువాళ్ల అబ్బాయి. సాయంత్రం నమాజు అయ్యాక మసీదు దగ్గర్నుంచి ఊరేగింపు బయల్దేరింది. నియాజ్ ముఖం మీద మల్లెపూల సెహ్రా తెరలా వేలాడుతోంది. ఒంటి మీద షఫీవుల్లా పదిహేను రోజులు కూర్చుని కుట్టిన బంగారు రంగు షేర్వానీ. పెళ్లిమంటపం అర కిలోమీటరు దూరం. బ్యాండు మోగుతోంది, టపాకాయలు పేలుతున్నాయి, మినిస్టర్ పీఠాధిపతిలా నడుస్తోంది. ఊరేగింపు తన కొట్టు ముందుకు రాగానే, కళ్లెం పట్టుకున్న షఫీవుల్లా ఎదురుగా ఉన్న షోరూము వైపు ఒక చూపు విసిరాడు.

సరిగ్గా అప్పుడే పక్కనున్న సెల్‌ఫోన్ల కొట్టాయన షట్టర్ పైకి లాగాడు. ధడేల్మంది.

పందెం మొదలయ్యేటప్పుడు గుర్రాల ముందుండే ఇనుప తలుపులు తెరుచుకునే చప్పుడు అచ్చం ఇలాగే ఉంటుందని దయానంద్ తర్వాత తీరిగ్గా ఫోనులో చెప్పాడు.

కళ్లెం షఫీవుల్లా చేతిలోంచి జారిపోయింది, ఆయన బోర్లా పడ్డాడు. మినిస్టర్ బ్యాండును దాటింది, ఆటోలను దాటింది, నాయుడుపేట బస్సును కూడా దాటింది. పెళ్లిమంటపం గుమ్మంలో పన్నీరు బుడ్లు పట్టుకుని నిలబడ్డ ఆడపెళ్లివారికి అల్లుడి షేర్వానీ వెనక భాగం ఒక్క క్షణం కనబడింది. నియాజ్ గుర్రం మెడను కౌగిలించుకుని, తనకు వచ్చిన దువాలన్నీ చదువుతున్నాడు. అలా పన్నెండు వందల మీటర్లు పోయి, మినిస్టర్ తనంతట తానే ఆగింది. దాని పందెం దూరం అంతే. ఆ పైన ఒక్క అడుగు పరిగెత్తే అలవాటు దానికి లేదు.

ఆగింది ఇంకో కల్యాణమంటపం ముందు. అక్కడ మునిప్రసాద్ అనే అబ్బాయి రిసెప్షను. పెళ్లికూతురి మేనత్త చంద్రకాంతమ్మ హారతి పళ్లెంతో గంట నుంచి నిలబడి ఉంది. బ్యూటీపార్లరుకు పోయిన పెళ్లికొడుకు ఇంకా రాలేదు. ముఖం నిండా పూలు, గుర్రం మీద జరీ కోటు, ఈ కాలపు పిల్లలు ఏ వేషంలో వస్తారో ఎవరికి తెలుసు? ఆవిడ హారతి ఇచ్చి, దిష్టి తీసి, బొట్టు పెట్టడానికి సెహ్రా పక్కకు తొలగించింది. తొలగించి చాలాసేపు చూసింది.

"నువ్వు మావాడివి కాదు గదా నాయనా," అంది.

"కాదత్తా," అన్నాడు నియాజ్. "మంచినీళ్లుంటే ఇస్తారా?"

చంద్రకాంతమ్మ నీళ్లిచ్చింది, మజ్జిగ ఇచ్చింది, గుర్రానికి అరటిపండ్లిచ్చి, నియాజ్‌ను తమ కారులో ఎక్కించి అసలు పెళ్లికి పంపింది. నిఖా ఆలస్యంగానైనా సలక్షణంగా జరిగింది. షఫీవుల్లా మాత్రం రొప్పుతూ, చెప్పులు చేత్తో పట్టుకుని, ఇంకొకరి రిసెప్షన్లో పెళ్లికొడుకు ఏడని అడుగుతూ తిరిగాడు.

ఇంటికొచ్చాక రంజాన్‌బీ ఒక్కటే అడిగింది. ముప్పై ఒక్క పందేల్లో గెలవనిది ఈ పొద్దు ఫస్టు వచ్చిందంట గదా, కప్పు యాడ పెట్టినావని.

ఆ పరుగును ఎవరో ఫోనులో తీశారు. మర్నాటికి తిరుపతి నుంచి చిత్తూరు దాకా అందరి ఫోన్లలోనూ ఉంది. తల దించుకుని కొట్టు తెరిచిన షఫీవుల్లాకు గుమ్మంలో ముగ్గురు పెళ్లికొడుకులు కనబడ్డారు. గుర్రం వద్దు సామీ, ఆ షేర్వానీ కావాలన్నారు. అంత దూరం అంత వేగంతో ఎగిరెగిరి పడినా ఒక్క కుట్టు ఊడలేదు, ఒక్క గుండీ తెగలేదు, వీడియోలో చూశామన్నారు.

షఫీవుల్లా గుండె పొంగింది. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. షట్టర్లున్న వీధి తప్పించి ఊరేగింపులు పెట్టుకోవచ్చని కొత్త లెక్కలు వేశాడు. అంతలో గుర్రాన్ని చూడడానికి సంస్థ తరఫున డాక్టర్ నవీన వచ్చింది. పశువుల డాక్టరు, మెల్లగా మాట్లాడే మనిషి. షఫీవుల్లా ఆమెకు కుర్చీ వేసి, మినిస్టర్‌ను ఇంట్లో ముసలి నాయనలాగా చూసుకుంటున్నామనీ, పెరడు దాటనివ్వలేదనీ, పరుగు మాట అటుంచి నడవాలన్నా తాము ఒప్పుకోవడం లేదనీ చెప్పాడు.

నవీన ఫోను తీసి వీడియో చూపించింది.

"ఈ కళ్లెం వదిలేసి పడిపోయినాయన మీరే కదండీ?"

షఫీవుల్లా వీడియోను చాలా శ్రద్ధగా చూశాడు. పోలిక ఉంది గానీ తన పొట్ట అంత ఉండదన్నాడు.

అప్పుడామె కాగితం తీసి, ఇంగ్లీషు ముక్కలను ఒక్కొక్కటే తెలుగులో చదివింది. ఊరేగింపులకు వాడరాదు. పందేలకు వాడరాదు. రోజూ ఆరు కిలోమీటర్లు యజమాని స్వయంగా నడిపించాలి. ఏ ఒక్కటి తప్పినా గుర్రాన్ని వెనక్కి తీసుకుంటారు. నాలుగు పేజీల కిందా షఫీవుల్లా సంతకం ముత్యాల్లా ఉంది. లారీ ఎల్లుండి వస్తుందని చెప్పి నవీన లేచింది.

వ్యాపారం సంగతి ఆ క్షణంలో షఫీవుల్లాకు గుర్తు లేదు. రోజూ కొట్టు నుంచి వచ్చేసరికి పెరటి గోడ మీదుగా తొంగిచూసే పొడుగు ముఖం గుర్తొచ్చింది.

"ఒక్క నిమిషం కూర్చో తల్లీ," అంది రంజాన్‌బీ. "గుర్రం దిగిన రోజే ఈ కాయితం ఫొటో పంపి సుహానాతో ఫోన్లో సదివించుకున్నా. నాతో రా, ఒకటి సూపిస్తా."

స్వర్ణముఖి గట్టు దగ్గర మాట రాని పిల్లలకూ, నడక తడబడే పిల్లలకూ అలివేలమ్మ అనే టీచరు నడిపే బడి ఉంది. షఫీవుల్లా కొట్లో ఉన్నప్పుడు రంజాన్‌బీ రోజూ మినిస్టర్‌ను అక్కడికి తీసుకుపోతోందని ఆయనకు అప్పుడే తెలిసింది. బడి గేటుకు ఆవిడే ఆముదం పూసి, చప్పుడు కాకుండా గుడ్డ చుట్టించింది. లోపల మినిస్టర్ తల దించి, కళ్లు సగం మూసుకుని నిలబడింది. వేళ్లు ముడుచుకుపోయి బలపం పట్టలేని మోహన అనే పాప, రెండు చేతులతో బ్రష్షు పట్టుకుని దాని మెడ దువ్వుతోంది. ఇంతకుముందు ఆ పాప దేన్నీ రెండు నిమిషాలు కూడా పట్టుకోగలిగేది కాదని అలివేలమ్మ చెప్పింది. గుర్రం కదల్లేదు. నవీన ఫోను తీసి, లారీని ఎల్లుండి రావద్దని చెప్పింది.

తర్వాత ఆమె కొత్త కాగితం తీసింది. ఈసారి యజమాని స్థానంలో రంజాన్‌బీ పేరు రాసింది. తనకు మోకాళ్లు పట్టేస్తున్నాయి కాబట్టి నడిపించే పని ఆయనదేనని రంజాన్‌బీ రాయించింది. గుర్రాన్ని తోమి, మేపి, నడిపించే మనిషిని సయీస్ అంటారు. ముప్పై ఏళ్లు షఫీ సాహెబ్‌గా బతికిన మనిషి ఒక్క సంతకంతో షఫీ సయీస్ అయిపోయాడు.

"మరి పొద్దున పూట కొట్లో ఎవరుంటారు మే?" అన్నాడు నీరసంగా.

"నేనుంటా. కొలతలు తీసుకునేదానికి మోకాళ్లెందుకు?"

ఉండి చూపించింది కూడా. నెల తిరిగేసరికి ఎవరికి ఏ తారీకుకు ఏం కావాలో ఆవిడకే తెలుసు. షఫీవుల్లా మధ్యాహ్నం వచ్చి, ఆవిడ గీసిన గీత మీద కత్తెర పెట్టడమే. ఆరు కిలోమీటర్ల నడకకు ఆయన పొట్ట తగ్గి, తన షేర్వానీ తనకే వదులైంది. దాన్ని కూడా రంజాన్‌బీయే కొలత తీసి వరసలో వేసింది, పెళ్లివాళ్ల తర్వాత.

ఒక పొద్దున ఆయన మినిస్టర్‌తో బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మంలోకి వచ్చి, సోమవారం ఇంకో గుర్రం దిగుతుందని చల్లగా చెప్పింది. ఒంటిగా ఉంటే గుర్రాలు బెంగ పెట్టుకుంటాయని నవీనమ్మ అన్నదట. నాలుగు పేజీలూ చదివించుకునే సంతకం పెట్టిందట.

షఫీవుల్లా వెనక్కి తిరిగాడు. "రెండిట్నీ ఎవరు నడిపించాల మే?"

రంజాన్‌బీ ఆయన కుడిచేతిలోని పగ్గాన్ని చూసింది. తర్వాత ఎడమచేతి వైపు చూసింది.

"ఆ చెయ్యి ఊరికే ఉండాది గదా," అని కొట్టు తాళాలు తీసుకుని వెళ్లిపోయింది.