రెండో అంశం పైడిరాజు

గంటలపేట పురపాలక సంఘంలో చనిపోయినవాళ్ళను వెనక్కి పిలిపించే విభాగం మూడో అంతస్తులో, నీటి పన్ను కౌంటరుకు ఎదురుగా ఉంటుంది. ప్రతి నెలా రెండో మంగళవారం అక్కడ ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. పేరు చదువుతారు, హాల్లో ఉన్నవాళ్ళు చేతులెత్తుతారు. మూడొందల చేతులు లేస్తే, పదిహేను రోజుల్లో ఆ మనిషి ఆఫీసు డాబా మీద నుంచి మెట్లు దిగి వచ్చి, రిజిస్టరులో సంతకం పెట్టి ఇంటికి వెళ్ళిపోవచ్చు. రెండేళ్ళలో తొమ్మిదిమంది అలా వచ్చారు. తొమ్మిదిమందీ టీవీ సీరియళ్ళలో చనిపోయినవాళ్ళే. ఒక విలన్ అయితే రెండుసార్లు వచ్చాడు. ఊళ్ళో మామూలుగా చనిపోయినవాళ్ళు రాకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. వాళ్ళ కోసం మూడొందలమంది ఎప్పుడూ కూడలేదు, అంతే.

నూకరత్నం మొగుడు పైడిరాజు ఆషాఢంలో పాత బస్టాండు దగ్గర మురుగు గోతిలోకి దిగి చనిపోయాడు. అదే వారంలో టీవీలో ఏడున్నర సీరియల్లో పెద్ద కోడలు విరజ తోడికోడలిచ్చిన పాలు తాగి చనిపోయింది. నూకరత్నం పనిచేసే ఇంటావిడ భానుమతి, రిటైరైన హిందీ టీచరు, మూడు రోజులు అన్నం ముట్టలేదు. పైడిరాజు పెద్దకర్మ అయిన మర్నాడు నూకరత్నం పనిలోకి వెళ్తే, ఆవిడ ఆమెను పట్టుకుని భోరుమంది. నూకరత్నం కూడా ఏడ్చింది. ఇద్దరూ ఒకే మనిషి కోసం ఏడుస్తున్నారని ఆమె కాసేపు నమ్మింది.

భానుమతి అప్పటికే విరజ కోసం అభిమానుల సంఘం పెట్టి దరఖాస్తు ఇచ్చేసింది. సమస్యల్లా చేతులు చాలకపోవడమే. ఎంత లెక్కేసినా రెండొందల డెబ్భై దాటడం లేదు.

"మీ పేటోళ్ళని తీసుకురా నూకరత్నం," అందావిడ ఒకరోజు పప్పు ఏరుతూ. "నువ్వూ మీ ఆయన పేరున ఒక దరఖాస్తు పెట్టుకో. మా అంశం మొదటిది, మీది రెండోది. మీరు మాకెత్తండి, మేం మీకెత్తుతాం."

"నిజంగా ఎత్తుతారా అమ్మగారూ?"

"ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పినదాన్ని. అబద్ధమాడతానా?"

నూకరత్నం మర్నాడే మూడో అంతస్తుకెళ్ళింది. గుమాస్తా సన్యాసిరావు ఫారం తీసి అడుగుతూ నింపాడు.

"మనిషి పేరు?"

"ఈగల పైడిరాజు, బాబూ."

"ఏ ఛానల్?"

"ఛానలేటి బాబూ? నా మొగుడు."

సన్యాసిరావు ఆ గడిలో చిన్న గీత గీశాడు. "ఎన్నింటికొస్తాడు?"

"ఆరున్నరకొచ్చీవోడు. ఆదోరం నాలుగింటికే."

అతను తలెత్తకుండా రాసుకున్నాడు. 'సాయంత్రం ఆరున్నర. ఆదివారం నాలుగు.' ఆ తర్వాతి గడి జ్ఞాపకశక్తి గురించి. వచ్చే మనిషికి పాత సంగతులన్నీ గుర్తుండాలా, అక్కర్లేదా అని. అన్నీ గుర్తుండాలంది నూకరత్నం. గోతిలో సంగతి మాత్రం ఉండకుండా చేయగలరా అని అడిగింది. అలా విడదీసే వీలు లేదన్నాడు.

మంగళవారం పనులు మానుకుని నూకరత్నం ఉండే పేట నుంచి నలభై నాలుగుమంది వచ్చారు. మరిది అప్పలస్వామి ఉతికిన చొక్కా వేసుకుని అందరికంటే ముందు నిలబడ్డాడు. కమిషనరు బల్ల దగ్గర కూర్చున్నాక సన్యాసిరావు మొదటి అంశం చదివాడు.

వాదన రెండు గంటలు నడిచింది. విరజ రాకూడదనే వర్గం తరఫున బీమా ఏజెంటు గవరయ్య లేచాడు. "ఎంత బాగా చనిపోయిందండీ ఆవిడ! మా ఇంట్లో పెళ్ళికి కూడా అంత మంది ఏడవలేదు. ఇప్పుడు తిరిగొస్తే ఆ కన్నీళ్ళకు విలువేముంది?" అన్నాడు. విరజ మొగుడికి రెండో సంబంధం కుదిరిపోయిందనీ, పసుపు కొట్టేశారనీ, ఆ పిల్ల గతేమిటనీ వెనక నుంచి ఎవరో అరిచారు. భానుమతి మైకు లాక్కుంది. "కన్నీళ్ళ విలువ గురించి మాట్లాడుతున్నారా? మనిషి కంటే కన్నీళ్ళు ఎక్కువా? చంపిన తోడికోడలు తిరుగుతుంటే చచ్చిన మనిషి రాకూడదా? న్యాయం ఉందా లేదా ఈ ఊళ్ళో?" అంది. హాలంతా చప్పట్లు. నూకరత్నం కూడా కొట్టింది. న్యాయం అనే మాట ఆ భవనంలో ఆమె వినడం అదే మొదటిసారి.

ఆపైన జ్ఞాపకశక్తి మీద మరో అరగంట కొట్టుకున్నారు. చివరికి సన్యాసిరావు చేతులు లెక్కపెట్టాడు. మూడొందల పద్నాలుగు. పేటవాళ్ళు లేకపోతే విరజ వచ్చేది కాదు.

రెండో అంశం చదివేసరికి సగంమంది చెప్పులు వెతుక్కుంటున్నారు. భానుమతి వాళ్ళను కూర్చోబెట్టింది. ఆ మాత్రం మాట నిలబెట్టుకుంది. మురుగు కాంట్రాక్టరు మనిషి లేచి, పైడిరాజు తమ జాబితాలో లేడనీ, దారిన పోతూ తనంతట తానే గోతిలోకి దిగాడనీ ఒక కాగితం ఇచ్చాడు. సన్యాసిరావు దాన్ని ఫైల్లో పెట్టాడు.

"దారిన పోయీవోడు మూత తీసుకుని దిగుతాడేటి బాబూ?" అంది నూకరత్నం.

కమిషనరు ఆమెను కూర్చోమనలేదు. భానుమతి ఇబ్బందిగా కదిలి, "అది కాదమ్మా. విరజ ఎలా పోయిందో అందరం చూశాం. మీ ఆయన ఎలా పోయాడో ఎవరూ చూళ్ళేదుగా," అంది.

"నాను సూసేను."

నూకరత్నం చెప్పింది. మధ్యాహ్నం తాను కేరేజీ పట్టుకుని వెళ్ళేసరికి అతను గోతి అంచున ఉన్నాడు. తాడు లేదు, ముక్కుకు గుడ్డ కూడా లేదు. ఒక్క నిమిషం పనే, దిగరా అన్నాడు కాంట్రాక్టరు మనిషి. 'సేపల పులుసేనా?' అని ఆమెనడిగి దిగాడు. రెండుసార్లు దగ్గాడు. తర్వాత దగ్గలేదు. ఆమె పేరు పెట్టి పిలిచింది. మూడోసారి పిలిచినప్పుడు కింద నీళ్ళలో ఏదో కదిలింది. పైనున్నవాళ్ళెవరూ దిగలేదు. మంటలార్పే బండి వచ్చేసరికి పులుసు చల్లారిపోయింది.

ఎవరూ చెప్పులు వెతుక్కోవడం లేదు. గవరయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ముందు వరుసలో ఆడవాళ్ళు వెక్కుతున్నారు. నూకరత్నం వాళ్ళ చేతులవైపు చూసింది. వీళ్ళెత్తుతారు అనుకుంది.

భానుమతి కళ్ళనిండా నీళ్ళతో లేచింది. "నేను అబద్ధమాడను నూకరత్నం. ఎత్తుదామనే వచ్చాను. కానీ ఇంత గొప్ప చావు... పులుసేనా అని అడిగి దిగిపోయాడే! అలాంటి మనిషి రేపు మామూలుగా మెట్లు దిగొస్తే, ఇప్పుడు మేం పడ్డ బాధంతా ఏమైపోవాలి? అతన్ని అలాగే ఉండనివ్వమ్మా. మా గుండెల్లో ఉంటాడు."

చాలామంది తలలూపారు. సన్యాసిరావు లెక్కపెట్టాడు. నలభై నాలుగు.

నూకరత్నం మైకు దగ్గరకు నడిచింది. ఆమెకు మైకు అవసరం లేకపోయింది. "మీ గుండెల్లో నా మొగుడికేటి పనమ్మా? ఆడికి ఇల్లుంది, మంచముంది. పాలు తాగి సచ్చినదానికి మా పేటంతా సెయ్యెత్తింది. మీ పెంట ఎత్తడానికి దిగి సచ్చినోడికి మీ సెయ్యి లెగదు. ఆ సేతులకి ఏటొచ్చింది? ఇరిగిపోయాయా?"

"దరఖాస్తుదారు ఆవేదన వ్యక్తం చేశారు," అని సన్యాసిరావు పుస్తకంలో రాశాడు. సంతకం పెట్టమన్నాడు.

"నానెట్టను."

"అక్కర్లేదులెండి. ఆ గడి ఐచ్ఛికం." పైడిరాజును యథాస్థితిలో ఉంచడమైనదని రాసి ముద్ర వేశాడు. కాగితం చేతికిస్తూ గొంతు తగ్గించి, "మీరు తర్వాత చెప్పారమ్మా. అదే వచ్చిన చిక్కు. ముందు నుంచీ మనిషిని జనానికి అలవాటు చెయ్యాలి. పోకముందే," అన్నాడు. అతను మంచివాడు.

పదిహేనో రోజున విరజ మెట్లు దిగింది. పూలదండలతో వీధి నిండిపోయింది. భానుమతి ఇంటి పని నూకరత్నం మానేసింది. వేరే ఇల్లు చూసుకుంది. అక్కడా ఏడున్నరకు అదే సీరియల్ పెడతారు.

భాద్రపదంలో రైతుబజారు ముందు మురుగు పొంగింది. కాంట్రాక్టరు మనిషి పేటకొచ్చి అప్పలస్వామిని పిలిచాడు. కబురు విని నూకరత్నం పరుగెత్తింది. మూత తీసి ఉంది. తాడు లేదు.

"దిగకురా," అంది.

"దిగకపోతే రేపట్నుంచి పిలవడొదినా. పిల్లలున్నారు."

ఆమె కాంట్రాక్టరు మనిషిని నోటికొచ్చినట్టు తిట్టింది. అతను గడియారం చూసుకుంటూ విన్నాడు. తిట్లు అయిపోయాక కూడా గొయ్యి అలాగే తెరిచి ఉంది. నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను తీసి, వీడియో నొక్కి, మరిదికి ఎదురుగా పట్టుకుంది.

"ఇటు సూడు. పేరు సెప్పు. గట్టిగా."

"ఎందుకొదినా?"

"నలుగురికీ నీ మొహం తెలవాల. పిల్లల పేర్లు కూడా సెప్పు. నీకే కూరిష్టమో సెప్పు."

అప్పలస్వామి సిగ్గుపడుతూ అన్నీ చెప్పాడు. వంకాయ అన్నాడు. కూరగాయల సంచులతో ఇద్దరు ముగ్గురు ఆగి చూడసాగారు. అతను గోతిలోకి ఒక కాలు పెట్టాడు.

"ఆగు," అంది నూకరత్నం, ఫోను కదలకుండా పట్టుకుని. "అప్పుడే దిగకు. ఇంకాసిని జనం రానీ."

అప్పలస్వామి కాలు వెనక్కి తీసుకుని అంచున కూర్చున్నాడు. వేళ్ళతో జుట్టు సరిచేసుకున్నాడు.