పాఠ్యప్రణాళికలు మార్చే మంత్రులకు జేజేలు

బడి పాఠ్యప్రణాళికను మాటిమాటికీ మార్చేసే విద్యామంత్రులను దయచేసి తిట్టకండి! వాళ్ల చలవ వల్లే నేను స్వీడన్‌లో ముప్ఫై ఏళ్లుగా ప్రొఫెసరునని చెప్పుకుని తిరుగుతున్నాను.

నాది పాఠ్యప్రణాళికల చరిత్ర. పిల్లలకు ఏం నేర్పాలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు నిర్ణయించారో తవ్వి తీయడం నా పని. రాజుల చరిత్ర రాసేవాళ్లు రాజు పోయేదాకా కాచుక్కూర్చోవాలి. మాకా బాధ లేదు! శుక్రవారం మంత్రి మారితే, సోమవారానికల్లా వర్తమానమంతా నా బల్ల మీదికి వచ్చి పడుతుంది. ఇంత అదృష్టం ఇంకే శాస్త్రానికుంది?

నా శిష్యురాలు ఇల్వానే చూడండి. 'నేటి పాఠ్యప్రణాళిక వెనుక తత్వం' అని ఆరేళ్లు పరిశోధించింది. మా దగ్గర డాక్టరేటు పరీక్షకు మూడు వారాల ముందు, అందరూ చూస్తుండగా సిద్ధాంత గ్రంథాన్ని మేకు కొట్టి గోడకు తగిలించాలి. ఇల్వా సుత్తి ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఎవరి ఫోనులోనో వార్త: ఆ ప్రణాళిక రద్దు!

"అర్విద్, ఇప్పుడేం చెయ్యను?" అంది నాతో, బిక్కమొహం వేసుకుని.

"'నేటి' కొట్టేసి 'నిన్నటి' అని రాయి. పెన్సిలుందా?"

రాసింది. మేకు కొట్టింది. అందరం కాఫీ తాగి, దాల్చినచెక్క బన్నులు తిన్నాం. ఆరేళ్ల చాకిరీ ఒక్క నిమిషంలో చరిత్రకెక్కడం మామూలు గౌరవమా?

మా డీన్ గున్వోర్ అంతకన్నా ఘనురాలు. జూన్‌లో నేను రిటైరవుతున్నాను. నా ఉద్యోగం ఇల్వాకు వస్తుందని ఆశపడ్డాను, దాచుకోవడమెందుకు! మొన్న గున్వోర్ పిలిచి, కాబోయే టీచర్లకు ఇక ఈ చరిత్ర పాఠమే ఉండదనీ, నాతోపాటు ఆ ఉద్యోగమూ పోతుందనీ చెప్పింది.

"మనం ముందుకు చూడాలి అర్విద్! ఇదిగో, కొత్త ప్రణాళిక. ఎంత కొత్తగా ఉందో చూడు!"

చూశాను. అట్ట ఒక్కటే కొత్తది.

"పన్నెండేళ్ల కిందట తెచ్చి, పిల్లలకు చదవడమే రావట్లేదని మూడేళ్లకే పారేశారు, అదే కదా ఇది?"

"అవునా? ఎవరికి గుర్తుంది?"

"నాకుంది. ఇల్వాకుంది."

గున్వోర్ హాయిగా నవ్వింది. "నువ్వు జూన్‌లో వెళ్లిపోతున్నావుగా! ఆ పిల్లకా, ఉద్యోగమే లేదాయె. ఇంకేం గొడవ?"

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆవిడ మాటలో తప్పేముంది?

కాబట్టి తల్లిదండ్రులారా, ఆగస్టులో మీ పిల్లల్ని నిశ్చింతగా బడికి పంపండి. ఈసారి ఆ ప్రణాళిక బోల్తా పడినా, అందరి లెక్కలో అదే మొదటిసారి అవుతుంది!