సిద్దమ్మ పెట్టిన చర్చి

మన దగ్గర చర్చిలు చాలడం లేదు!

నవ్వకండి. మదనపల్లెలో ఒక్క వీధిలోనే నాలుగు బోర్డులు కనిపిస్తాయని, పుంగనూరులో బస్సు దిగితే రెండు మైకులు ఒకదాన్నొకటి తరుముకుంటాయని మీరంటారు. అవన్నీ పాత సరుకు. నేనడిగేది కొత్తవి. కాలానికి తగ్గవి. ఏసీ ఉన్నవి!

నేను పుంగనూరువాణ్ణి, రిటైరైన హైస్కూలు టీచర్ని, మూడో తరం క్రైస్తవుణ్ణి. కాబట్టి ఈ విషయంలో మాట్లాడే అర్హత నాకు పుష్కలంగా ఉంది.

మా పాత సంఘం సంగతి వినండి. రేకుల షెడ్డు. కింద చాపలు. ఆరాధన ఎప్పుడు ముగుస్తుందో దేవుడికే తెలియాలి. ఒకరి కాలు విరిగితే ఆ కాలు మీద అరగంట ప్రార్థన. ఎవరి కోడలు అలిగినా ఊరూ పేరూ చెప్పి మరీ ప్రార్థన. ప్రైవసీ అనే మాట చెవిన పడని జనం!

ఈ ప్రార్థనలకు పెద్ద దిక్కు సిద్దమ్మ. ఒకప్పుడు టమోటా తోటల్లో కూలికి పోయిన మనిషి. కూతురు సంగీతకు ఉద్యోగం వచ్చాక తోటకు పోవడం మానేసింది గానీ, ప్రార్థన మాత్రం మానలేదు. ఆమె భర్త అంకయ్య షెడ్డు ఊడ్చేవాడు, గంట కొట్టేవాడు. సంఘంలో ఎవరు పోయినా ఎవరూ పిలవకుండానే గడ్డపార తీసుకుని గుంత తవ్వడానికి పోయేవాడు. ఇంత వెనకబాటు మరెక్కడైనా ఉంటుందా?

అలాంటి మా మధ్యకు వచ్చాడు పాస్టర్ పురుషోత్తం. వయసు ముప్పై రెండు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, చర్చిలు నాటే కోర్సు చేసి వచ్చాడు. అవును, నాటడమనే అంటారట, మనం నారు నాటినట్టు. ముందుగా ఆయన మన సంస్కృతి మీద సర్వే చేశాడు. ఈ తరం చాపల మీద కూర్చోదని తేలింది. గంట దాటితే ఉండదని తేలింది. పాపం అనే మాట దానికి పడదని, స్ట్రగుల్ అంటే సర్దుకుంటుందని కూడా తేలింది. రెండు వేల ఏళ్లుగా ఈ సర్వే చేయాలని ఒక్కరికీ తోచలేదు చూడండి!

ఒక కల్యాణ మండపం మేడ మీది హాలు మాట్లాడుకున్నాడు. గోడలకు నల్ల రంగు. స్టేజీ మీద పొగ మెషిన్. పేరు 'అప్‌లిఫ్ట్ సిటీ'. పుంగనూరు సిటీ ఎప్పుడైందని అడక్కండి. కంటికి కనబడనిదాన్ని నమ్మడమే కదా విశ్వాసం!

ఆరు నెలలు తిరిగేసరికి షెడ్డులో పదకొండు మంది మిగిలారు. హాల్లో నాలుగు వందలు. నేనెక్కడున్నానో వేరే చెప్పాలా? మెడలో 'హోస్ట్ టీమ్' ట్యాగుతో గుమ్మం దగ్గర. వచ్చినవాళ్లకు ఒక నవ్వు, ఒక పెన్ను ఇవ్వడం నా పరిచర్య.

సంగీత కూడా పాటల టీములో చేరింది. కూతురి పాట విందామని ఒక ఆదివారం సిద్దమ్మ, అంకయ్య వచ్చారు. పొగకు అంకయ్య దగ్గుతూనే ఉన్నాడు. పాట అయిపోగానే సిద్దమ్మ లేచి నిలబడింది.

"చౌడేపల్లెలో మా అక్క ఆదెమ్మకు బాగలేదు. అందురూ ఒక మాట ప్రార్థన సేయండప్పా."

లైట్లు చూసుకునే మురళి పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ప్రార్థన మనవులు ఇట్ల సెప్పకూడదు. స్క్రీన్ మీద కోడ్ ఉండాది సూడు. ఫోన్‌తో స్కాన్ సేసి పెట్టాల."

"మా అక్క పేరు సెప్పేదానికి ఫోన్ యాలప్పా? నోరుండాది కదా!"

వెంటనే కీబోర్డు సౌండు పెంచి ఆమెను ఎంత నాగరికంగా కూర్చోబెట్టామో మీరు చూసి ఉండాల్సింది. తల్లి మాట స్టేజీ మీదున్న సంగీతకు వినబడింది. తలెత్తలేదు.

తర్వాత రెండు నెలలకు, ఒక శనివారం మధ్యాహ్నం అన్నం తింటూ అంకయ్య పక్కకు ఒరిగిపోయాడు. ఆస్పత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. సమయపాలన లేని మనిషి! మరుసటి రోజే కదా కుప్పంలో మా కొత్త బ్రాంచి లాంచ్?

సంగీత పాస్టరుకు ఫోన్ చేసింది. "అయ్యగారూ, నాయన పోయినాడు. రేపు హాల్లో పెట్టి ప్రార్థన సేసుకుంటాము."

"సిస్టర్, వెరీ సారీ. మండపంలోకి శవం తేకూడదని ఓనరు మొదట్లోనే షరతు పెట్టినాడు. రేపు నేను కుప్పంలో ఉంటాను. మన కేర్ టీమ్ టచ్‌లో ఉంటుంది."

మాట తప్పలేదు. కేర్ టీమ్ టచ్‌లోకి వచ్చింది. 'యూ ఆర్ లవ్డ్' అని మెసేజీ, కింద ఎర్ర గుండె. గ్రూపులో రెండు వందల మందిమి దండం బొమ్మ పెట్టాము. నేనైతే రెండు పెట్టాను.

అంకయ్యను రేకుల షెడ్డులోనే పెట్టారు. ఆయన పోగా ఉన్న పది మందిలో ఏడుగురు ఆడవాళ్లు, మిగిలిన ముగ్గురూ కర్ర పట్టుకుని నడిచేవాళ్లు. సంఘంలో అందరికీ గుంత తవ్వినవాడు పెట్టెలో పడుకున్నాడు. ఇక తవ్వేదెవరు? సిద్దమ్మ పక్కింటి వడ్రంగి బాబు సాహెబ్, ఆయన కొడుకు రఫీ తవ్వారు. పెట్టె చేసిందీ ఆయనే, ఒక వైపు భుజం పట్టిందీ ఆయనే. ఆయన భార్య రహీమున్నీసా సిద్దమ్మ చెయ్యి వదలకుండా కూర్చుందట. ఈ సంగతులన్నీ బాబు సాహెబే నాకు చెప్పాడు. కోపంగా చెప్పి ఉంటే ఏదో ఒకటి వాదించేవాణ్ణి. మామూలుగా చెప్పాడు.

సరిగ్గా ఆ వేళకు కుప్పంలో స్క్రీన్ మీద పది నుంచి సున్నా దాకా అంకెలు దిగాయి. రంగు కాగితాలు ఎగిరాయి. "వుయ్ ఆర్ ఎ ఫ్యామిలీ!" అని పాస్టర్ అరిచాడు. నేను ముందు వరుసలో నిలబడి చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు అసలు నేరానికి వస్తాను. నెల తిరక్కుండానే సిద్దమ్మ చౌడేపల్లెలో అక్క ఆదెమ్మ ఇంటి వరండాలో కొత్త సంఘం మొదలుపెట్టింది! సర్వే లేదు. లోగో లేదు. కనీసం పేరైనా లేదు. జబ్బుతో మంచం పట్టిన ఆదెమ్మ, పాలు పోసే ఇద్దరు ఆడవాళ్లు, ఒక ఆటో డ్రైవరు. హాల్లో పాడడం మానేసి సంగీత ఇక్కడ మైకు లేకుండా పాడుతోంది. "అది చర్చి కాదంకుల్, దానికి బ్రాండింగే లేదు" అని పాస్టర్ తేల్చేశాడు. అయినా ఒక బాధ్యత గల పౌరుడిగా స్వయంగా చూసి ఖండిద్దామని నేను వెళ్లాను.

"రాప్పా టీచరూ" అంది సిద్దమ్మ. "నాకు అచ్చరాలు ఆనడం లేదు. నీకు కండ్లద్దాలు ఉండాయి గదా, ఒక అధ్యాయం సదువు."

బైబిలు చేతిలో పెట్టి, నా ముఖంలోకి చూసింది.

"ఆ పొద్దు ఆయప్ప గుంతలో మన్ను ఎయ్యను రాలేదే. యాడికి పోయినావప్పా?"

"కుప్పం పోయినానమ్మా."

"అయ్యో! ఆడ ఎవురు సచ్చినారు?"

అది వెటకారమైతే తట్టుకునేవాణ్ణి. కాదు. అంకయ్యను వదిలి పోయానంటే అక్కడ నా సొంతవాళ్లెవరో పోయి ఉంటారని ఆమె నిజంగానే అనుకుంది. ఆమె కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

హాల్లో నాలుగు వందల మంది మధ్య ఇన్నాళ్లు ఉన్నాను. ఒక్కరైనా నన్ను ఇంత ఇబ్బంది పెట్టారా? వచ్చినవాడికి పెన్ను ఇవ్వాలి గానీ ఇలాంటి ప్రశ్న వేస్తారా? దీన్ని చర్చి అంటారా?

గట్టి జవాబు చెప్పి వద్దామని ఐదు ఆదివారాలుగా చౌడేపల్లె బస్సెక్కుతున్నాను. ఆమె మళ్లీ అడగడం లేదు. జరిగి చాప మీద చోటిస్తుంది, వేలు పెట్టి అధ్యాయం చూపిస్తుంది, "సదువప్పా" అంటుంది.